వాన పడకుండానే తడిసే టెంట్

“చలికాలంలో నలుగురం కలిసి వేటకు వెళ్తాం. గాలి, వాన, మంచు అన్నీ ఉంటాయి. పోయినసారి మంచి వాటర్‌ప్రూఫ్ టెంటే కొన్నాం. రాత్రంతా చుక్క వాన లేదు. అయినా తెల్లారేసరికి పైనుంచి నీళ్లు కారి స్లీపింగ్ బ్యాగులు తడిశాయి. బట్ట నాసిరకమా? ఈసారి ఎలాంటిది తీసుకోవాలి?” అని ఒక పాఠకుడు అడిగారు.

బట్టలో ఏ లోపమూ లేదండీ. నీటిని ఆపడం దాని పని, ఆపింది. ఆ నీళ్లు లోపలే పుట్టాయి, మీ నలుగురూ రాత్రంతా ఊపిరి వదిలి తయారుచేశారు. పోల్స్ ఏ లోహంతో చేశారు, బరువెంత, జిప్పులు గట్టివేనా అన్నవి షాపులో ఎవరైనా చెబుతారు. ఈ నీటి సంగతి మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. నన్నడిగితే, చలిలో వాడే టెంట్ ఎంపిక ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

లెక్క వేద్దాం. నిద్రలో మనిషి నిమిషానికి సుమారు 7 లీటర్ల గాలి పీల్చి వదులుతాడు. 8 గంటల్లో అది 3 ఘనపు మీటర్లు దాటుతుంది. వదిలే గాలి వెచ్చగా, దాదాపు నిండు తేమతో ఉంటుంది. ఘనపు మీటరుకు 30 గ్రాములకు పైగా నీటి ఆవిరిని మోసుకొస్తుంది. అంటే ఊపిరితోనే మనిషికి రాత్రికి సుమారు 100 గ్రాముల నీరు. చెమట పట్టకపోయినా చర్మం నుంచి ఆవిరయ్యేది ఇంకొంత. నలుగురికి కలిపి అర లీటరు తప్పదు. వేటకు వెళ్లినవాళ్లు రోజంతా తడి గడ్డిలో, బురదలో తిరిగి వస్తారు కాబట్టి ఆ బూట్లు, సాక్సులు లోపల ఆరేస్తే అది అదనం.

గాలి ఎంత ఆవిరిని పట్టి ఉంచగలదో ఇప్పుడు చూడండి. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో 17 గ్రాములు పడుతుంది. 10 డిగ్రీలకు 9.4. సున్నాకు 4.8. మైనస్ 10కి 2.4 మాత్రమే. చల్లబడేకొద్దీ ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు సగమైపోతోంది. పట్టని ఆవిరి ఎక్కడో ఒకచోట నీరుగా దిగాలి కదా. చుట్టుపక్కల అన్నిటికన్నా చల్లగా ఏది ఉంటే దాని మీద దిగుతుంది. అది మీ నెత్తిమీది బట్ట. ఉడుకుతున్న గిన్నె మీది మూత తీసి చూస్తే అడుగున వేలాడే నీళ్లు కూడా ఇలా చేరినవే.

అసలు మజా ఇక్కడుంది. టెంట్ పైకప్పు బయటి గాలి ఎంత చల్లగా ఉంటే అంతే చల్లగా ఉంటుందని అనుకుంటాం. ఆకాశం తేటగా, గాలి నిలకడగా ఉన్న రాత్రి అది గాలికన్నా చల్లగా అయిపోతుంది! సున్నా డిగ్రీల దగ్గరున్న బట్ట చదరపు మీటరుకు 300 వాట్ల దాకా వేడిని పరారుణ కిరణాలుగా పైకి వదులుతుంది. మబ్బుల్లేని పొడి ఆకాశం నుంచి తిరిగి వచ్చేది సుమారు 230 వాట్లే. మిగతా 70 వాట్లు నికర నష్టం. ఇప్పుడు పలచని నైలాన్ తీసుకోండి, చదరపు మీటరు 50 గ్రాములు తూగేది. దాన్ని ఒక డిగ్రీ చల్లబరచడానికి 80 జౌల్స్ లాగేస్తే చాలు. సెకనుకు 70 జౌల్స్ పోతున్నాయి. అంటే మొదట్లో దాదాపు సెకనుకో డిగ్రీ చొప్పున పడిపోతుంది! చుట్టూ ఉన్న గాలి కొంత వేడి తిరిగి ఇస్తుంది కాబట్టి ఆ పతనం కొన్ని డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఆ కొన్ని డిగ్రీలే కొంప ముంచుతాయి. బయట సున్నా డిగ్రీలు, 90 శాతం తేమ ఉంటే డ్యూ పాయింట్, అంటే గాలిలోని ఆవిరి నీరుగా దిగడం మొదలయ్యే ఉష్ణోగ్రత, మైనస్ ఒకటిన్నర దగ్గరుంటుంది. పైకప్పు అంతకన్నా కిందికి దిగిందంటే మీరు టెంట్‌లో లేకపోయినా, తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టినా అది తడుస్తుంది.

రాత్రి గడ్డి మీద పట్టే మంచు బిందువులు ఆకాశం నుంచి రాలుతాయని చాలాకాలం నమ్మారు. వెన్నెల రాత్రి చలి ఎక్కువైతే చంద్రుడి ప్రభావం అనుకున్నారు. చంద్రుడు బాగా కనిపిస్తున్నాడంటే మబ్బు లేదని అర్థం, చలికి కారణం ఆ తేట ఆకాశమే. దీన్ని తేల్చినవాడు లండన్‌లో వైద్యుడిగా ఉన్న విలియం చార్లెస్ వెల్స్. చిన్న చిన్న ఉన్ని కుచ్చులను తూచి, రాత్రంతా బయట ఉంచి, మళ్లీ తూచేవాడు. ఒక చెక్కపలకను కాళ్ల మీద నిలబెట్టి, దాని పైన ఒక కుచ్చు, కింద ఒక కుచ్చు పెట్టాడు. పైనున్నది బాగా బరువెక్కింది, కిందిదానికి ఆకాశం పలక చాటైంది, అది చాలా తక్కువ బరువెక్కింది. మబ్బు పట్టిన రాత్రుల్లో, గాలి వీచే రాత్రుల్లో మంచు పెద్దగా పట్టదని కూడా గమనించాడు. 1814లో ఇదంతా అచ్చువేశాడు. కొంచెం ఉన్ని, ఒక త్రాసు ఉంటే చాలు, ఏ బడిలోనైనా ఈ ప్రయోగం చేయించవచ్చు. పిల్లల చేత డ్యూ పాయింట్ నిర్వచనం బట్టీ పట్టించడం కన్నా అది వంద రెట్లు నయం.

వెల్స్ పలక మీకూ పనికొస్తుంది. టెంట్‌కు ఆకాశం కనిపించకుండా చేస్తే చాలు. కొమ్మలు దట్టంగా కమ్మిన చెట్ల కింద వేస్తే ఆ కొమ్మలు గాలి అంత వెచ్చగా ఉండి, పోయిన వేడిలో చాలావరకు తిరిగి ఇస్తాయి. ఎండిన కొమ్మలు లేని చెట్టు చూసుకోండి, గాలికి విరిగి మీద పడతాయి. లోయ అడుగున, వాగు ఒడ్డున వద్దు. రాత్రి చల్లగాలి బరువెక్కి వాలు మీదుగా జారి అక్కడే చేరుతుంది. కాస్త పైకి వెళ్తే వెచ్చగానూ ఉంటుంది, పొడిగానూ ఉంటుంది.

ఇక టెంట్. బయటి పొర ఎలాగూ తడుస్తుంది కాబట్టి రెండు పొరలది కావాలి. లోపలి పొర ఆవిరిని పోనిస్తుంది, బయటి పొర లోపలి వైపున నీరు చేరి అంచుల దాకా జారిపోతుంది, మీకు తగలదు. రెంటి మధ్యా చెయ్యి పట్టేంత ఖాళీ లేకపోతే, తడిసి సాగిన నైలాన్ లోపలి పొరకు అంటుకుంటుంది. పాలిస్టర్ నీటిని అంతగా పీల్చదు, అంతగా సాగదు.

గాలి ఎంత ఆడాలి? బయట సున్నా డిగ్రీలు, 90 శాతం తేమ, లోపల 5 డిగ్రీలు అనుకుందాం. బయటి గాలి 4.4 గ్రాముల తేమతో వచ్చి, 6.8 దాకా నింపుకుని పోగలదు. ఘనపు మీటరుకు 2.4 గ్రాములే లాభం. నలుగురూ గంటకు 70 గ్రాములు వదిలితే గంటకు 29 ఘనపు మీటర్ల గాలి మారాలి. టెంట్‌లో పట్టేది 6 ఘనపు మీటర్లయితే 12 నిమిషాలకోసారి లోపలి గాలంతా కొత్తదవ్వాలి! అందుకే కింద ఒకటి, పైన ఒకటి కిటికీలు ఉండాలి. వెచ్చటి గాలి పైనుంచి పోతుంటే కిందినుంచి కొత్తది వస్తుంది. చలికి భయపడి వాటిని మూసేస్తే నీళ్లు ఖాయం. వాన జల్లులో కూడా తెరిచి ఉంచగలిగేలా పై కిటికీకి గొడుగులాంటి కప్పు ఉందో లేదో కొనేముందే చూడండి.

వాహనం దగ్గరే మకాం అయితే నేను మందపాటి కాన్వాస్‌కే ఓటేస్తాను. నూలు పోగులు తడిస్తే ఉబ్బి సందులు మూసుకుంటాయి, వాన ఆగుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఆవిరి బట్టలోంచే పోతుంది. పొగగొట్టం ఉన్న కట్టెల పొయ్యి పెడితే పైకప్పు డ్యూ పాయింట్ కన్నా వెచ్చగా ఉండి అసలు నీరే పట్టదు. పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది, అదంతా లోపలే. దానికితోడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. వాసన ఉండదు, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఏ మంటనైనా ఆర్పకుండా నిద్రపోవద్దు. పొయ్యి ఉన్న టెంట్‌లో మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి.

సున్నా కిందికి పోతే ఈ తేమ మంచుగడ్డగా స్లీపింగ్ బ్యాగులోనే చేరుతుంది. 1911 అంటార్కిటిక్ శీతాకాలంలో ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం కేప్ క్రోజియర్‌కు వెళ్లిన బ్రిటిష్ అన్వేషకులు విల్సన్, బోవర్స్, చెర్రీ-గారార్డ్ రోజూ రాత్రి గడ్డకట్టిన బ్యాగుల్లోకి ఒంటి వేడితో కరిగించుకుంటూ దూరాల్సి వచ్చింది. అదే ప్రయాణంలో తుపాను వాళ్ల టెంట్‌ను ఎగరేసుకుపోయింది. తర్వాత దొరకడం వల్లే ప్రాణాలతో తిరిగొచ్చారు.

గాలి సంగతి రెండు ముక్కల్లో. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 36 కిలోమీటర్లకు చదరపు మీటరు మీద సుమారు 6 కిలోలు, 72కి 25, 108కి 55కి పైనే. అందుకే పోల్స్ ఒకదాన్నొకటి దాటే గుమ్మటం ఆకారం, అన్ని తాళ్లూ కట్టడం.

మీరు నలుగురు కదా, ఆరుగురు పట్టే టెంట్ తీసుకోండి. తయారీదారులు చెప్పే సంఖ్య భుజానికి భుజం ఆనించి పడుకోబెట్టి లెక్కపెట్టింది. అలా పడుకుంటే అంచున ఉన్నవాళ్ల బ్యాగులు గోడకు ఆనుకుని, గోడ తడి నేరుగా వాటిలోకి ఎక్కుతుంది. తడి బూట్లు, కోట్లు తలుపు బయట కప్పు కింద వదిలే చోటు కూడా ఉంటే, రాత్రికి కొన్ని వందల గ్రాముల నీరు లోపలికి రాకుండానే ఆగిపోతుంది.