చుక్క రెండో జట్టులో ఎందుకు పరిగెత్తింది?

చిరంజీవులు చిట్టితల్లికి, బాబుకు తాతయ్య ఆశీస్సులతో రాసేది.

మొన్న ఆదివారం చిట్టితల్లి మన కుక్క చుక్క గురించి ఫోనులో అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. "తాతయ్యా, మన చుక్క క్లబ్బులో అన్నిటికంటే వేగంగా పరిగెడుతుంది కదా, మరి దాన్ని మొదటి జట్టులో ఎందుకు వేసుకోలేదు?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే ఫోను అమ్మ చేతికి ఇచ్చేసింది. గొంతులో ఏడుపు నాకు వినబడింది. ఏడుస్తున్న పిల్లకు ఫోనులో ఏమి చెప్పినా చెవికెక్కదు. అందుకే ఈ ఉత్తరం. బాబుకు తెలుగు చదవడం ఇంకా రాదు కాబట్టి చిట్టితల్లే తొందరపడకుండా చదివి వినిపించాలి. మీ తెలుగు తరగతిలో కూడా చదువుతానన్నావు కనుక, ఈ ఆట ఎరుగని పిల్లల కోసం ముందు నాలుగు మాటలు రాస్తాను.

ఈ ఆట పేరు ఫ్లైబాల్. కుక్కల రిలే పందెం అనుకోండి. జట్టుకు నాలుగు కుక్కలు. గీత దగ్గర నుంచి ఒక్కో కుక్క పరుగు తీసి, వరసగా నాలుగు అడ్డుపలకల మీదుగా దూకి, చివర ఉన్న పెట్టెను కాళ్లతో తన్నుతుంది. పెట్టెలో స్ప్రింగు ఉంటుంది. తన్నగానే బంతి ఎగురుతుంది. కుక్క దాన్ని నోట కరుచుకుని, మళ్లీ ఆ నాలుగు పలకలూ దూకుతూ వెనక్కి రావాలి. అది గీత దాటితేనే రెండోది గీత దాటి వెళ్లాలి. గీత నుంచి మొదటి పలకకు 6 అడుగులు, పలకకూ పలకకూ మధ్య 10 అడుగుల చొప్పున, చివరి పలక నుంచి పెట్టెకు 15 అడుగులు. కూడి చూడండి, 51 వస్తుంది. పోయి రావడానికి 102. నాలుగు కుక్కలకు 408 అడుగులు. గట్టి జట్టు ఈ దూరమంతా పదహారు, పదిహేడు సెకన్లలో ముగించేస్తుంది. పక్క వరసలో ఇంకో జట్టు కూడా అదే సమయానికి పరిగెడుతూ ఉంటుంది.

కాలిఫోర్నియాలో హెర్బర్ట్ వాగ్నర్ అనే ఆయన బంతి ఎగిరే పెట్టెను తయారుచేసి ప్రచారంలోకి తెచ్చాడని చెబుతారు. కానీ ఆటకు నియమాలు, సంఘం వచ్చింది మీ వైపునే. 1984లో మీ మిషిగన్, పక్కనున్న కెనడా ఒంటారియోలకు చెందిన పన్నెండు జట్లు కలిసి నార్త్ అమెరికన్ ఫ్లైబాల్ అసోసియేషన్‌ను పెట్టుకున్నాయి. అంటే మీరు ఈ ఆట పుట్టింట్లోనే ఉన్నారు.

ఇక ప్రశ్నకు వస్తాను.

మా చిన్నప్పుడు మా ఇంటికి గూన పెంకుల కప్పు ఉండేది. ఏటా వైశాఖంలో, మృగశిర కార్తె రాకముందే, పెంకులన్నీ దింపి, మట్టి దులిపి, పగిలినవి తీసేసి, మళ్లీ సర్దేవారు. వాసాల మీద పెద్దవాళ్లు కూర్చునేవారు. పెరట్లో పెంకుల కుప్ప. ఆ కుప్ప దగ్గర నుంచి నిచ్చెన దాకా పిల్లలందరం వరసగా నిలబడి, చేతికి చెయ్యి పెంకులు అందించేవాళ్లం. వేసవి సెలవులు కదా, మేనత్తల పిల్లలు, పిన్నుల పిల్లలు కలిసి పది, పన్నెండు మందిమి ఉండేవాళ్లం. ఎవరు ఎక్కడ నిలబడాలో మా పెదనాన్న చెప్పేవారు.

ఆయన ముందుగా చూసేది అందరిలోకి చిన్నవాణ్ణి. ఆ ఏడు మా పిన్ని కొడుక్కి ఆరేళ్లు. వాడి చేతుల్లో ఎన్ని పెంకులు ఆగుతాయో పెట్టి చూశారు. మూడు ఆగాయి. "సరే, అందరూ మూడేసి" అన్నారు. నేను ఆరు పట్టగలనని గోల చేశాను. "నీ దగ్గర ఆరు, వాడి దగ్గర మూడు అయితే మిగతా మూడూ ఎక్కడ పెడతావురా?" అన్నారు.

చిట్టితల్లీ, మీ క్లబ్బులో ఉన్న ఆ బుల్లి జాక్ రసెల్ జాతి కుక్క గుర్తుందా? చెవులు సగం మడిచి, ఎప్పుడూ గుర్రుమంటూ ఉంటుందే, అది. దాన్ని మొదటి జట్టులో ఎందుకు వేసుకున్నారని నువ్వు మూతి ముడిచావు. అది మా పిన్ని కొడుకన్నమాట. జట్టులో అన్నిటికంటే పొట్టి కుక్కను కొలిచి, దానికి తగినట్టే పలకల ఎత్తు పెడతారు. ఆ ఎత్తే నాలుగు కుక్కలకూ. పొట్టిది జట్టులో ఉంటే పలక ఏడంగుళాలకు దిగవచ్చు. నాలుగూ పొడుగువే అయితే పన్నెండు అంగుళాలు కూడా దూకాల్సి రావచ్చు. ఒక్కో కుక్కకు పోయేటప్పుడు నాలుగు గంతులు, వచ్చేటప్పుడు నాలుగు. నాలుగు కుక్కలకు 32. ముప్ఫై రెండుసార్లు గాలిలోకి లేచే ఎత్తు తగ్గితే ఎంత కలిసివస్తుందో లెక్క వేసుకో. పైగా పెద్ద కుక్కల భుజాలకూ, కీళ్లకూ అది మేలు. ఆ బుల్లిది తన వంతు పరుగు చుక్కకంటే అర సెకను ఎక్కువ తీసుకున్నా, మిగిలిన మూడింటికీ దారి సుళువు చేస్తుంది. గడియారంలో దాని పేరు పక్కన ఆ మేలు కనబడదు. ఇలాంటి వాళ్లు మన ఇళ్లలోనూ ఉంటారు. గుర్తించడం నేర్చుకోండి.

పెదనాన్న రెండోది ఏం చూసేవారంటే, ఎవరి పక్కన ఎవరు. చేతులు ఎంత చురుకైనవైనా, పెంకు ఆగిపోయేది చేతికీ చేతికీ మధ్యనే. నాకప్పుడు పదేళ్లు. వరసలో నా అంత చురుకైనవాడు లేడని నా నమ్మకం. నా పక్కన మా మేనత్త కొడుకు, మా బావ. వాడు అటు అందించి ఇటు తిరిగేలోపే నేను పెంకులు వాడి ఛాతీ మీదికి తోసేసేవాణ్ణి. మధ్యాహ్నంలోగా తొమ్మిది పెంకులు పగిలాయి. నావి ముందే సిద్ధంగా ఉన్నాయి కదా, తప్పు వాడిదే అనుకున్నాను. పెదనాన్న ఏమీ అనలేదు. పగిలిన ముక్కలను కాలితో పక్కకు తోసి, నన్ను భుజం పట్టుకుని తీసుకెళ్లి వరస చివర, నిచ్చెన మొదట్లో నిలబెట్టారు. అక్కడ ఎవరికీ అందించే పని లేదు. అందుకుని దొంతర పేర్చడమే.

నేను భోజనానికి వెళ్లలేదు. పశువుల పాకలో గడ్డి మీద పడుకుని ఏడ్చాను. అందుకే నీ గొంతు వినగానే నాకు తెలిసిపోయింది, చిట్టితల్లీ. అరవై ఏళ్లయినా ఆ గడ్డి వాసన నాకింకా గుర్తుంది.

ఇప్పుడు చుక్క సంగతి. పోయిన వేసవిలో మీ దగ్గర ఉన్న నాలుగు నెలలూ గురువారం సాయంత్రాలు నేను మీతో ఆ హాలుకు వచ్చాను కదా. నాకు బంతులు ఏరే పని ఇచ్చారు. అది గొప్ప చోటు. నేల మీది నుంచి అన్నీ కనబడతాయి. పక్కన ఎవరూ లేకుండా ఒంటరిగా వదిలితే చుక్క 4.2 సెకన్లలో పోయి వచ్చేది. అంత వేగం ఆ హాలులో మరి దేనికీ లేదు, నిజమే. కానీ పందెంలో అది ఒంటరిగా ఉండదు. అది బంతితో తిరిగి వస్తుంటే, తరవాతి కుక్క సూటిగా దాని మీదికే వస్తున్నట్టు దూసుకొస్తుంది. గీత దగ్గర రెండూ ఒకదాన్నొకటి జానెడు ఎడంతో దాటుకోవాలి. అక్కడే మన చుక్క కళ్లు మెరుస్తాయి. ఎదురొచ్చే కుక్కను చూసి, ఆడుకోవడానికి పిలిచిందనుకుంటుంది. బంతి వదిలేస్తుంది. రెండుసార్లు నా కాళ్ల దగ్గరికే దొర్లుకుంటూ వచ్చింది ఆ బంతి, ఇంకా తడిగా, వెచ్చగా. ఏరి బుట్టలో వేసింది నేనే.

బంతి లేకుండా గీత దాటితే ఆ పరుగు చెల్లదు. మిగతావన్నీ అయ్యాక అది మళ్లీ పరిగెత్తాలి. పద్దెనిమిది సెకన్లలో ముగిసే పందెం ఇరవై మూడుకు వెళ్లిపోతుంది. అర సెకను సంపాదించిపెట్టే కుక్క అయిదు సెకన్లు పోగొట్టవచ్చు.

దాటుకోవడంలో ఇంకో చిక్కు ఉంది. ముందుది గీత దాటాక రెండోదాన్ని వదిలితే ఆలస్యం. ముందుది దాటకముందే రెండోది గీత దాటేస్తే ఎర్ర దీపం వెలుగుతుంది, దాని పరుగు చెల్లదు. అందుకని రెండోదాన్ని గీతకు చాలా వెనక నుంచి, ముందుది ఇంకా పలకలు దూకుతుండగానే వదలాలి, రెండు ముక్కులూ గీత మీద ఒక్కసారే కలిసేలా. యంత్రం సెకనులో నూరో వంతు కూడా పట్టేస్తుంది. ఒక్కో మార్పులో పావు సెకను జారితే, మూడు మార్పులకు ముప్పావు సెకను పోయినట్టే. మీ కెప్టెన్ ఆవిడ నోటుపుస్తకం నేనొకసారి చూశాను. ప్రతి కుక్కకూ ఒక పేజీ. వేగం పై వరసలో చిన్నగా రాసి ఉంది. దాని కింద పేజీ అంతా వేరే సంగతులు: పెట్టె దగ్గర ఎడమకు తిరుగుతుందా కుడికా, ఏ కుక్క ఎదురొస్తే బెదురుతుంది, మూడో పరుగుకు అలసిపోతుందా, ఎవరు వదిలితే బాగా వెళుతుంది. ఎడమ, కుడి ఎందుకంటే, పెట్టె వెనక నిలబడేవారు ఒక్కో కుక్క తిరిగే వైపునుబట్టి బంతి అమర్చాలి. ఆ మనిషి తలలో నాలుగు కుక్కల వరసా తప్పకుండా ఉండాలి. జట్టు అంటే ఆ మనిషి కూడా.

జట్టుకు ఆరు కుక్కల పేర్లు రాయించుకోవచ్చు. ఒక్కో పరుగులో నాలుగే. మిగతా రెండూ అలసినవాటికీ కుంటినవాటికీ బదులు. ఏ మాత్రం కుంటుతున్నా దాన్ని పరిగెత్తించకూడదు. పతకం మీద మోజుతో కుంటి కుక్కను గీత దగ్గర నిలబెట్టేవాళ్లకు కుక్కలను పెంచే అర్హత లేదని నా అభిప్రాయం.

చుక్కను రెండో జట్టులో నాలుగో కుక్కగా వేశారని అమ్మ చెప్పింది. విన్నాక నాకు నవ్వొచ్చింది, తరవాత కళ్లు చెమర్చాయి. నాలుగోది బంతితో తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగా ఎవరూ రారు! వెనకాల వెళ్లాల్సింది ఇంకేమీ లేదు కదా. ఖాళీ దారి, గీత అవతల నువ్వు. బంతి వదలాలన్న బుద్ధి పుట్టదు. నిచ్చెన మొదట్లో నన్ను నిలబెట్టినట్టే ఆవిడ చుక్కను నిలబెట్టింది. రెండో జట్టులో వేయడంలో ఇంకో మంచీ ఉంది. జట్టు 24 సెకన్లలోపు ముగిస్తే అందులోని ప్రతి కుక్కకూ 25 పాయింట్లు. మొదటి జట్టుకైనా రెండో జట్టుకైనా అంతే. 20 పాయింట్లకే మొదటి బిరుదు వస్తుంది. పోటీలో కూడా దగ్గర దగ్గర వేగమున్న జట్లనే ఒక విభాగంలో పెడతారు. ఆ విభాగానికి పెట్టిన హద్దుకంటే వేగంగా పరిగెత్తితే ఆ గెలుపు చెల్లదు. కాబట్టి గట్టి కుక్కలను దాచి, బలహీనుల మీద గెలవడం కుదరదు. ఈ నియమం పెట్టినవాళ్లను నేను మనసారా మెచ్చుకుంటున్నాను.

మరుసటి రోజు నేను నిచ్చెన దగ్గర నిలబడి ఏం చేశానో చెప్పనే లేదు. చేసేది లేక, వరసలో అందరి చేతులూ చూశాను. మా బావ అటు అందించి, ఒక్క ఊపిరి ఆగి, అప్పుడు ఇటు తిరుగుతాడు. వాడి ఆ ఊపిరి నేను పక్కనే ఉన్నంతసేపూ చూడలేదు. మరుసటి ఏడు పెదనాన్న నన్ను మళ్లీ వాడి పక్కనే నిలబెట్టారు. ఆ ఏడు మా ఇద్దరి మధ్య ఒక్క పెంకూ పగలలేదు.

అయితే ఇక్కడితో నా పెంకుల కథ ఆగిపోతుంది. పెంకులు అందించేటప్పుడు మాకు తెలుసు, వానొస్తుందని, ఇల్లు కారకూడదని. కుక్కలకు ఏం తెలుసు? గెలుపు, పాయింట్లు వాటికి అక్కర్లేదు. మరి ఒకదానికొకటి ఎదురుగా అంత వేగంగా వస్తూ, చివరి క్షణంలో వెంట్రుకవాసి పక్కకు ఎలా ఒరుగుతాయి? ఒక సాయంత్రం బంతి ఏరుతూ గీత దగ్గర వంగి ఉండగా, నా మొహానికి మూరెడు దూరంలో రెండు కుక్కలు దాటుకున్నాయి. ఒకదాని చెవి రెండోదాని చెవిని తాకింది. గాలి నా మొహానికి కొట్టింది. రెండింటిలో దేనికీ అడుగు తడబడలేదు. బుట్ట పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాను. అది నాకు చెప్పడం చేతకాదు.

కాబట్టి మీరే చూసి రాయండి. వచ్చే గురువారం పెట్టె వైపు చూడొద్దు, గడియారం వైపు అసలే చూడొద్దు. కెప్టెన్ ఆవిడ అనుమతి అడిగి, తాడుకు ఇవతల, గీతకు సరిగ్గా ఎదురుగా నేల మీద కూర్చోండి. బాబు మొదటి, రెండో కుక్కల ముక్కులు చూడాలి. చిట్టితల్లి మూడో, నాలుగో కుక్కలవి. చుక్క వెళ్లేటప్పుడు ఎదురొచ్చే కుక్కను చూస్తుందా, బంతినే చూస్తుందా? తిరిగి వచ్చేటప్పుడు దాని చెవులు ఎలా ఉంటాయి? చూసింది చూసినట్టు రాసి పంపండి. చుక్కకు నా తరఫున నుదుటి మీది ఆ తెల్లమచ్చ దగ్గర నిమరండి, అక్కడే దానికి ఇష్టం.

ఇట్లు,
మీ తాతయ్య
తణుకు