తాల్ముద్ వాదాలను లెక్కించడం

యూదుల ధర్మశాస్త్రానికి మూలమైన మిష్నా ఒక ప్రశ్నతో మొదలవుతుంది: సాయంకాలపు షెమా ప్రార్థనను ఏ వేళ నుంచి చదవాలి? ఎప్పుడు మొదలుపెట్టాలన్నదానికి అక్కడ ఒకే జవాబు ఉంది. ఎప్పటిలోగా చదవాలన్న దగ్గర మాత్రం మూడు జవాబులు ఉన్నాయి. మొదటి జాము ముగిసేవరకు అని రబ్బీ ఎలీయెజెరు, అర్ధరాత్రి వరకు అని ఇతర పండితులు, తెల్లవారు వెలుగు వచ్చేవరకు అని రబ్బాన్ గమలీయేలు అన్నారు. క్రీ.శ. 200 ప్రాంతంలో గలిలయలో రబ్బీ యూదా హనాసీ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న ఈ సంకలనంలో ఆరు విభాగాలు, 63 ప్రకరణాలు ఉన్నాయి. మొదటి వాక్యంలో కనిపించిన అభిప్రాయభేదం చివరిదాకా ఏదో ఒక రూపంలో కొనసాగుతుంది. మిష్నా మీద తర్వాతి తరాలవారు చేసిన చర్చలే రెండు తాల్ముద్‌లుగా, అంటే గలిలయలో యెరూషలేము తాల్ముద్‌గా, ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో బబులోను తాల్ముద్‌గా మనకు మిగిలాయి. వీటిలో పెద్దదైన బబులోను తాల్ముద్‌లో 18 లక్షలకు పైగా పదాలు ఉన్నాయి. రోజుకు ఒక పత్రం చొప్పున చదివే సంప్రదాయం 1923లో మొదలైంది. ఆ లెక్కన ఒక ఆవృత్తి పూర్తికావడానికి 2,711 రోజులు పడుతుంది.

ఇంత పెద్ద వాదసంపుటిని గణాంక పద్ధతులతో పరిశీలించడానికి వీలు కల్పించిన ముఖ్యమైన కారణం కంప్యూటర్ రాక కాదని నా అభిప్రాయం. ఓడిపోయిన వాదాన్ని కూడా, వాదించినవారి పేరుతో సహా, జాగ్రత్తగా దాచిపెట్టాలని ఆ రబ్బీలు, అంటే యూదుల ధర్మపండితులు, నిర్ణయించుకోవడమే అసలు కారణం. మన మీమాంసా సంప్రదాయంలో పూర్వపక్షం సాధారణంగా పేరులేని ప్రత్యర్థి నోట వస్తుంది, సిద్ధాంతం దాన్ని ఖండించి ముందుకు సాగిపోతుంది. మిష్నాలో ఓడినవారికి పేరుంది, తరముంది, గురువు ఉన్నారు. తక్కువమంది అభిప్రాయాన్ని ఎందుకు నమోదు చేయాలన్న ప్రశ్నను ఎదుయోత్ అనే ప్రకరణమే లేవనెత్తుతుంది. రేపు ఒక న్యాయసభకు ఆ అభిప్రాయమే సరైనదిగా తోస్తే ఆధారపడడానికి వీలుండాలన్నది అది ఇచ్చే సమాధానాల్లో ఒకటి. గెలిచిన తీర్పులు మాత్రమే మిగిలి ఉంటే ఈ వాదాలను పట్టికలో పెట్టడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు.

ఈ లెక్కలను మొదట వేసినవారు కూడా రబ్బీలే. మిష్నాలో తరచూ ఎదురెదురుగా నిలిచే రెండు పక్షాల్లో హిల్లేల్ అనే గురువు శిష్యవర్గం సడలింపు వైపు, షమ్మాయ్ అనే గురువు శిష్యవర్గం కఠినత్వం వైపు మొగ్గుతాయని సాధారణంగా చెబుతారు. ఎదుయోత్ నాలుగు, ఐదు అధ్యాయాల్లో దీనికి విరుద్ధమైన సందర్భాలను విడిగా జాబితా కట్టారు. పండుగ రోజున కోడి పెట్టిన గుడ్డును ఆ రోజే తినవచ్చని షమ్మాయ్ వర్గం, తినకూడదని హిల్లేల్ వర్గం అన్నాయని ఆ జాబితా ఆరంభంలోనే ఉంది. అలాంటివి ఆరు ఉన్నాయని రబ్బీ యూదా, మరో ఆరు ఉన్నాయని రబ్బీ యోసే లెక్క చెప్పారు. అబయే, రవా అనే నాలుగో శతాబ్దపు బబులోను పండితుల మధ్య భేదం వస్తే ఆరు సందర్భాల్లో తప్ప తీర్పు రవా పక్షానే ఉంటుందని తాల్ముద్ సూత్రీకరించింది. వారికి ముందుతరాల బబులోను పండితులు రవ్, ష్మూయేల్ తలపడితే ఆచార నిషేధాల్లో రవ్ మాట, ధనసంబంధమైన వివాదాల్లో ష్మూయేల్ మాట చెల్లుతాయన్నది ఇంకొక సూత్రం. ఇవన్నీ పరీక్షించదగిన ప్రతిపాదనలు. వివాదాలన్నిటినీ ఒక్కొక్క వరుసగా రాసి, పక్షాలు, విషయం, మొగ్గు, చివరి తీర్పు అనే గడులు నింపితే సూత్రం ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ సడలుతుందో తెలుస్తుంది.

అందుకు ముందు గ్రంథాలు కంప్యూటర్‌లోకి రావాలి. 1963లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో గణిత శాస్త్రవేత్త అవియెజ్రీ ఫ్రాంకెల్ రబ్బీల ధర్మనిర్ణయ లేఖలను కంప్యూటర్‌లో వెతకగలిగే పథకాన్ని ప్రారంభించారు. తర్వాత బార్-ఇలాన్ విశ్వవిద్యాలయానికి మారిన ఆ పథకానికి 2007లో ఇజ్రాయెల్ బహుమతి లభించింది. హీబ్రూలో విభక్తులు, సముచ్చయాలు, సర్వనామాలు మాటకే అతుక్కుని వస్తాయి కాబట్టి ఒక పదాన్ని వెతకాలంటే దాని రూపాలన్నిటినీ ముందుగా గుర్తించగలగాలి. తెలుగులో వెతుకులాటకు ప్రోగ్రాం రాసినవారికి ఈ కష్టం కొత్తగా ఉండదు. 2011లో మొదలైన సెఫారియా అనే లాభాపేక్షలేని సంస్థ మూలగ్రంథాలనూ వాటి మధ్య ఉన్న ఉల్లేఖన సంబంధాలనూ ఉచితంగా అందుబాటులో పెట్టింది. ఆధునిక అనువాదంతో కూడిన బబులోను తాల్ముద్ కూడా 2017 నుంచి అక్కడ స్వేచ్ఛగా దొరుకుతోంది. దీంతో పెద్ద గ్రంథాలయం అండ లేని విద్యార్థి కూడా ఈ పరిశోధన చేయగలుగుతున్నాడు.

వివాదం ఎక్కడుందో యంత్రం ఎలా గుర్తుపడుతుంది? తాల్ముద్ భాషలోని ఒక నియమం ఇక్కడ సాయపడుతుంది. ఒక పండితుడు తన మాటను ఒంటరిగా చెప్పినప్పుడు సాధారణంగా క్రియ ముందు వస్తుంది: అన్నారు రబ్బీ ఫలానా. మరొకరితో విభేదించి చెప్పినప్పుడు పేరు ముందు, క్రియ తర్వాత వస్తాయి: రబ్బీ ఫలానా అన్నారు. పదక్రమంలో ఉన్న ఈ చిన్న తేడాను పట్టుకుంటే వేలాది వాక్యాల్లో భేదాభిప్రాయాలను తొలి విడతగా వేరుచేయవచ్చు. ఒకరి నుంచి విన్నదాన్ని మరొకరు చెప్పే గొలుసులకు కూడా స్థిరమైన రూపం ఉంది. అన్నారు రవ్ యూదా, అన్నారు ష్మూయేల్, అని రెండు పేర్లు వెంటవెంటనే వస్తే మొదటివారు రెండోవారి మాటను అందిస్తున్నారని అర్థం. ఇలాంటి ప్రతి జంటనూ రెండు బిందువులుగా, మధ్యన ఒక గీతగా గీసుకుంటూ పోతే కొన్ని శతాబ్దాల పండిత సమాజం ఒక నెట్‌వర్క్‌గా కనిపిస్తుంది. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకల్ సాట్లో వంటి చరిత్రకారులు, జోషువా వాక్స్‌మన్ వంటి కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ఈ తరహా నెట్‌వర్క్‌లను నిర్మించారు.

ఆ చిత్రంలో ఆలోచింపజేసే అంశం, పుస్తకం బబులోనుదైనా దాని మధ్యన నిలిచే పేర్లలో ఒకటి బబులోనులో స్థిరపడి బోధించిన వ్యక్తిది కాకపోవడం. రబ్బీ యోహనాన్ మూడో శతాబ్దంలో గలిలయ సముద్రపు ఒడ్డున తిబెరియలో బోధించారు. ఆయన మాట వందల మైళ్ల దూరాన ఉన్న బబులోను విద్యాపీఠాలకు ఎలా చేరిందో గొలుసుల్లోని మధ్య పేర్లు చెబుతాయి. ఉల్లా, రవ్ దీమి, రబీన్ వంటి పండితులు రెండు దేశాల మధ్య తిరుగుతూ అక్కడి బోధనలను ఇక్కడికి మోసుకొచ్చారు. రవ్ దీమి వచ్చినప్పుడు ఇలా చెప్పారు, అనే మాట తాల్ముద్‌లో పదేపదే వస్తుంది. కొత్త సిద్ధాంతమేదీ ప్రతిపాదించకపోయినా, రెండు సమూహాలను కలిపే గీత తమ గుండా మాత్రమే పోవడం వల్ల ఇలాంటివారికి నెట్‌వర్క్‌లో చాలా ప్రాముఖ్యం వస్తుంది. పేజీ వెంబడి పేజీ చదివేవారికి దారిలో తగిలే చిన్న పేర్లుగా తోచేవారిని ఇలా వారి అసలు స్థానంలో చూపించగలగడం ఈ పద్ధతి సాధించిన మంచి ఫలితాల్లో ఒకటని అనుకుంటున్నాను.

అసలైన చిక్కు గడులు నింపేటప్పుడు ఎదురవుతుంది. ఒక అభిప్రాయాన్ని సడలింపుగా రాయాలా, కఠినంగా రాయాలా? గుడ్డు విషయంలో సందేహం లేదు. విడాకుల చర్చ దగ్గరికి వచ్చేసరికి ఆ గడి సరిపోదు. భార్యలో అక్రమ ప్రవర్తన కనిపిస్తే తప్ప భర్త విడాకులు ఇవ్వకూడదని షమ్మాయ్ వర్గం, వంట మాడ్చినా ఇవ్వవచ్చని హిల్లేల్ వర్గం, ఆమెకన్నా అందమైన స్త్రీ కనిపించినా ఇవ్వవచ్చని రబ్బీ అకీవా అన్నట్టు మిష్నా చెబుతుంది. భర్త వైపు నుంచి చూస్తే హిల్లేల్ వర్గానిది సడలింపు, భార్య వైపు నుంచి చూస్తే అదే నిర్దయ. ధనవివాదాల్లోనైతే ఒకరికి చేసిన సడలింపు ఎదుటివారికి నష్టంగానే పరిణమిస్తుంది. కాబట్టి ఎవరికి సడలింపు అనే మరో గడి పట్టికలో ఉండి తీరాలి. ఆ గడి లేకుండా తీసిన శాతాలను నమ్మలేను.

కాలాన్ని కూడా పట్టిక విస్మరించకూడదు. దూరదేశం నుంచి తిరిగొచ్చిన భార్య తన భర్త చనిపోయాడని చెబితే ఆమె మాట నమ్మి మరో పెళ్లికి అనుమతించాలా అన్నది మరొక వివాదం. కోతల నుంచి తిరిగొచ్చి చెప్పినప్పుడే నమ్మాలని హిల్లేల్ వర్గం, ఎక్కడినుంచి వచ్చి చెప్పినా నమ్మాలని షమ్మాయ్ వర్గం అన్నాయి. ఆ తర్వాత హిల్లేల్ వర్గం తన మాట మార్చుకుని షమ్మాయ్ వర్గం చెప్పినట్టే బోధించిందని ఎదుయోత్ నమోదు చేసింది. ఈ వరుసను భేదం కింద లెక్కించాలా, ఏకాభిప్రాయం కింద లెక్కించాలా? రెండు దశలనూ విడివిడిగా రాయడమే న్యాయంగా కనిపిస్తుంది, ఎందుకంటే వాదనకు లొంగి అభిప్రాయం మార్చుకోవడం ఆ సమాజం గర్వంగా దాచుకున్న సమాచారం.

రెండు వర్గాలూ మూడేళ్లు వాదించుకున్నాక ఆకాశవాణి వినిపించిందని తాల్ముద్‌లో ఒక కథనం ఉంది. ఇవీ అవీ జీవముగల దేవుని మాటలే, తీర్పు మాత్రం హిల్లేల్ వర్గం ప్రకారం ఉంటుందని ఆ వాణి పలికిందట. వారికే ఆ గౌరవం ఎందుకు దక్కిందంటే, వారు ఎదుటి పక్షం మాటను తమ మాటకన్నా ముందు చెప్పేవారని ఆ కథనమే వివరిస్తుంది. దీన్ని కూడా లెక్కించి చూడవచ్చు. మిష్నాలో ఈ రెండు వర్గాలూ కలిసి వచ్చినప్పుడు షమ్మాయ్ పేరు ముందు రావడమే పరిపాటి. అయితే ఆ క్రమానికి కారణం వినయమా, ముందుతరంలో షమ్మాయ్ పక్షానికి ఉన్న పలుకుబడా, కంఠస్థం చేయడానికి అనువుగా స్థిరపడిన మూసా అన్నది లెక్క ఒక్కటే తేల్చదు. క్రమం తారుమారైన కొద్ది చోట్లను ఏరి పండితుల ముందు పెట్టడం వరకే యంత్రం చేయగల మేలు.

తర్వాతి కాలపు రబ్బీల ధర్మనిర్ణయ లేఖల్లో యంత్రం ఇంకా ఖచ్చితమైన జవాబు ఇచ్చిన సందర్భం ఒకటుంది. పంతొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్‌లో పేరుపొందిన రబ్బీ యోసెఫ్ హయీమ్ రాసిన లేఖలతో పాటు, తోరా లిష్మా అనే మరో లేఖాసంపుటి యెహెజ్కేల్ కహ్లీ అనే పేరు మీద ప్రచారంలో ఉంది. హీబ్రూ అక్షరాలకు సంఖ్యావిలువలు ఉంటాయి. యోసెఫ్‌కు 156, హయీమ్‌కు 68 వస్తే, యెహెజ్కేల్‌కు కూడా 156, కహ్లీకి కూడా 68 వస్తాయి. మారుపేరు అన్న అనుమానం అందుకే పుట్టింది. బార్-ఇలాన్‌కు చెందిన మోషే కొప్పెల్ బృందం దీన్ని శైలి ద్వారా పరీక్షించింది. రెండు పుస్తకాలను వేరుచేసే పదాలేవో యంత్రానికి నేర్పి, వాటిలో బలమైన వాటిని తీసేసి, మిగిలిన వాటితో మళ్లీ వేరుచేయమని అడుగుతూ పోయారు. రచయితలు నిజంగా వేరైతే ఎన్ని తీసేసినా తేడా పట్టుబడుతూనే ఉంటుంది. ఒకరే అయితే కావాలని తెచ్చిపెట్టుకున్న కొద్ది తేడాలు తొలగగానే యంత్రం తడబడుతుంది. పరీక్షించిన రచయితల్లో యోసెఫ్ హయీమ్ విషయంలోనే యంత్రం అలా తడబడింది.

తాల్ముద్‌కు ఇదే పద్ధతిని నేరుగా వర్తింపజేయడం కష్టం. అందులోని ప్రతి పండితుడి మాటా తరతరాల నోళ్ల మీదుగా, పేరు చెప్పుకోని సంకలనకర్తల చేతుల మీదుగా వచ్చింది. మనం గీసే నెట్‌వర్క్ ఆ సంకలనకర్తలు మనకు అందించిన సమాజ చిత్రం, దాని వెనక ఉన్న మూడో శతాబ్దపు వాస్తవం దానికి ఎంత దగ్గరో ప్రతి గీత దగ్గరా విడిగా విచారించాలి. పేర్లు ఆ విచారణను మరింత కష్టం చేస్తాయి. రబ్బీ అని ఊరికే అంటే యూదా హనాసీ అని అర్థం. రబ్బీ ఎలాజార్ అంటే మిష్నా కాలంలో ఒకరు, తాల్ముద్ కాలంలో మరొకరు. రబ్బా, రవా అనే రెండు పేర్లకు చివరి అక్షరం ఒక్కటే తేడా, చేతిరాత ప్రతుల్లో అవి తరచూ తారుమారవుతాయి. రబ్బా అబయేకు గురువు, రవా సమకాలికుడు. అంటే ఒక్క అక్షరం మారితే సాటివాడితో జరిగిన వాదం గురుశిష్యుల వాదం అయిపోతుంది, ఆరు మినహాయింపుల సూత్రం దానికి వర్తించకుండా పోతుంది.

1242లో పారిస్‌లో, 1553లో రోమ్‌లో తాల్ముద్ ప్రతులను బహిరంగంగా తగలబెట్టారు. ఇలాంటి విధ్వంసాల మధ్య బబులోను తాల్ముద్‌కు దాదాపు సంపూర్ణంగా మిగిలిన చేతిరాత ప్రతి ఒక్కటే, 1342 నాటిది, మ్యూనిక్‌లో ఉంది. మిగతావి ఎక్కువగా విడి ప్రకరణాలు, కైరో ప్రార్థనామందిరపు గదిలో దొరికిన పత్రశకలాలు. ఇప్పటి డేటాబేస్‌లు ఎక్కువగా పంతొమ్మిదో శతాబ్దపు విల్నా ముద్రణ పాఠం మీద ఆధారపడుతున్నాయి. యూదు చేతిరాత ప్రతులను కంప్యూటర్‌లోకి తెచ్చే ఫ్రీడ్‌బర్గ్ సంస్థ వివిధ ప్రతుల పాఠాలను పక్కపక్కన చూపే సదుపాయాన్ని ఇప్పటికే తయారుచేసింది. ప్రతులు రబ్బా అని కొన్ని, రవా అని కొన్ని చెప్పిన చోట రెండు గీతలనూ ఉంచి, ఏ పాఠానికి ఎన్ని ప్రతుల బలముందో గీత పక్కనే నమోదు చేయాలి. ఆ పని పూర్తయ్యాకే, అబయే మీద రవా గెలిచిన వాదాలెన్నో చెప్పే అంకెను పట్టికలో రాయాలి.