తలుపుకు ఇవతల చూసినవాళ్లు

సీమలో విమాన ప్రయాణం ఇంకా కొత్తే. కడప విమానాశ్రయం 2015లో మొదలైంది. ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టినది 2021 మార్చిలో. ఇక్కడికి ఎక్కువగా వచ్చేవి ఏటీఆర్‌-72 అనే చిన్న విమానాలు. తోక వైపు మెట్లెక్కి లోపలికి పోతాం, పైలట్లేమో ఆ కొసన, సామాన్ల అరకు అవతల ఉంటారు. ప్రయాణికుల మధ్య తిరిగే క్యాబిన్‌ క్రూకు, వాళ్లకు నడుమ తాళం పడిన తలుపు, ఒక ఇంటర్‌ఫోన్‌. గాల్లో ఏదైనా జరిగితే ఆ ఫోన్లో ఎవరు ఏం చెప్పాలన్న పద్ధతి ఎవరో తీరిగ్గా కూర్చుని రాసింది కాదు. చాలామంది పోయాక వచ్చింది.

మొదట్లో లోపమంతా కాక్‌పిట్‌లోనే అనుకున్నారు. 1977 మార్చి 27న స్పెయిన్‌ దీవి టెనెరీఫ్‌లో రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం రన్‌వే వదిలిందా అని ఫ్లైట్‌ ఇంజనీరు అడిగాడు, కెప్టెన్‌ వినలేదు. మరుసటి ఏడాది డిసెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌ దగ్గర యునైటెడ్‌ ఎయిర్‌లైన్స్‌ విమానం ఒకటి, చక్రాల సంగతి తేల్చుకుంటూ గాల్లోనే తిరిగి, ఇంధనం అయిపోయి కూలింది. పక్కవాళ్లకు ఇంధనం తగ్గడం కనిపిస్తూనే ఉంది, గట్టిగా చెప్పలేకపోయారు. దీని మీద 1979లో నాసా సదస్సు పెట్టింది, 1981లో యునైటెడ్‌ శిక్షణ మొదలుపెట్టింది. సీఆర్‌ఎం, అంటే సిబ్బంది అంతా ఒకరి మాట ఒకరు విని కలిసి పనిచేసే పద్ధతి, అనే మాట అట్లా వచ్చింది. ‘పెద్దాయన చూసుకుంటాడులే’ అని నోరు మెదపకపోవడం మన ఊళ్ల జబ్బే అనుకుంటాం గానీ, అందరిదీనూ.

మన దేశమూ దీనికి మినహాయింపు కాదు. 2010 మే 22న మంగుళూరులో కో-పైలట్‌ ‘గో అరౌండ్‌’ (దింపకుండా మళ్లీ పైకి లేపు) అని మళ్లీ మళ్లీ చెప్పినా కెప్టెన్‌ దింపేశాడు, 158 మంది పోయారు. అంతకు ముందు ఏడాది సెప్టెంబరు 2న అప్పటి కర్నూలు జిల్లా నల్లమలలో ముఖ్యమంత్రి వై.ఎస్‌. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్‌ కూలిన సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ట్రాన్స్‌మిషన్‌ ఆయిల్‌ హెచ్చరికకు ఏం చేయాలో పుస్తకంలో వెతుకుతూ పైలట్లు చెడు వాతావరణం మీద దృష్టి తప్పారని విచారణ కమిటీ తేల్చింది.

తలుపుకు ఇవతలి వాళ్ల సంగతి 1989 దాకా ఎవరికీ పెద్దగా పట్టలేదు. ఆ జనవరి 8న లండన్‌ నుంచి బెల్ఫాస్ట్‌ పోతున్న బోయింగ్‌ 737లో ఎడమ ఇంజను చెడింది. పైలట్లు కుడిది ఆపేశారు. కుడి ఇంజను ఆపామని కెప్టెన్‌ మైకులో చెప్పాడు కూడా. ఎడమ పక్క మంటలు వెనక కూర్చున్న ప్రయాణికులు చూశారు, క్యాబిన్‌ క్రూలోనూ చూసినవాళ్లున్నారు. ఆ మాట ముందుకు చేరలేదు. ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్‌ దగ్గర రోడ్డు గట్టున కూలి 47 మంది పోయారు. రెండు నెలలకు, మార్చి 10న, కెనడాలోని డ్రైడెన్‌లో రెక్కల మీద మంచుతోనే ఒక ఫోకర్‌ విమానం పైకి లేచి కూలింది. బతికి బయటపడ్డ క్యాబిన్‌ క్రూ ఆవిడ ఆ మంచు ముందే చూసింది. ఇలాంటివి చెబితే పైలట్లకు నచ్చదన్న భావన ఉండడంతో చెప్పలేదు. నా లెక్కలో ఈ చరిత్ర మొత్తానికీ కీలకమైన సాక్ష్యం ఇదే.

దీనికి ఒక నియమం కూడా తోడైంది. పది వేల అడుగుల లోపు పైలట్లను అనవసరంగా కదిలించొద్దని అమెరికా 1981లో రూలు పెట్టింది. మంచిదే, కానీ ఏది అవసరమో తేల్చుకోవాల్సింది వెనకున్నవాళ్లు. భయపడ్డవాళ్లు ఊరకుండిపోయారు. కెగ్‌వర్త్‌ నివేదిక వచ్చాక రెండు పక్షాలకూ కలిపి శిక్షణ ఇవ్వడం మెల్లగా ఊపందుకుంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత తలుపులు మరింత గట్టిపడ్డాయి, ముఖం చూసి మాట్లాడే వీలు తగ్గింది, ఫోనే దిక్కయింది.

అందుకే ఇప్పుడు చాలా సంస్థల్లో ‘నిట్స్‌’ అనే వరస వాడతారు: ఏం జరిగింది, ఏం చేయబోతున్నాం, ఎంత టైముంది, ప్రత్యేకంగా చెప్పేదేమైనా ఉందా. విన్నవాళ్లు దాన్ని తిరిగి అప్పజెప్పాలి. టైము లేకపోతే ఇదంతా కుదరదు. 2009 జనవరిలో న్యూయార్క్‌ దగ్గర హడ్సన్‌ నదిలో దిగిన విమానంలో కెప్టెన్‌ ‘బ్రేస్‌ ఫర్‌ ఇంపాక్ట్‌’ (దెబ్బకు సిద్ధంగా ఉండండి) అని మాత్రమే అన్నాడు, నీళ్లలో దిగుతున్నామని చెప్పలేదు. క్యాబిన్‌ క్రూ వెంటనే తలలు వంచమని కేకలు అందుకున్నారు. 155 మందీ బతికారు.