ముందు అద్దానికి జీపీఎస్ పెడితే ఫొటో కొడతారా? కార్ డెకార్స్ షాపులో రోజూ వినే అపోహలు

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద మాది కార్ డెకార్స్ షాపు. సీటు కవర్లు, కింద మ్యాటింగ్, డాష్‌క్యామ్, ఫోన్ హోల్డర్ బిగించడం నా పని. పదమూడేళ్లుగా చేస్తున్నా. హోల్డర్ అట్టపెట్టె విప్పగానే కారాయన పక్కకొచ్చి అడిగే మాట దాదాపు ఒకటే. “అన్నా, గిది అద్దానికి పెడితే పోలీసోళ్లు ఫొటో కొడ్తరా?” అడుగుతూనే ఫోన్ తీసి ఒక వాట్సాప్ మెసేజ్ చూపిస్తారు. ఒకదానిలో అయిదు వేల జరిమానా అని ఉంటుంది, ఇంకొకదానిలో లైసెన్స్ రద్దు అని ఉంటుంది. విసుగొచ్చి చట్టం పుస్తకమే కొనుక్కుని చదివాను.

అపోహ: ముందు అద్దం మీద జీపీఎస్ పెట్టడమే నేరం

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు సంక్రాంతికి తెలిసింది. మిర్యాలగూడ నుంచి ఒక పెద్దాయన కొత్త కారుతో వచ్చారు. వెంట కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసే కొడుకు. నేను హోల్డర్‌ను అద్దం మధ్యలో ఆనించి చూస్తుంటే ఆ అబ్బాయి ఆపి, “ఏడంగుళాల లెక్క ఉంటుంది కదా అన్నా” అన్నాడు. అక్కడ నిజంగానే ఉంది. కాలిఫోర్నియాలో 2009 జనవరి నుంచి జీపీఎస్‌ను అద్దం మీద రెండు చోట్లే పెట్టనిస్తున్నారు. డ్రైవరుకు దూరంగా ఉండే కింది మూలలో ఏడంగుళాల చదరంలోపల, లేదంటే డ్రైవరు వైపు కింది మూలలో అయిదంగుళాల చదరంలోపల. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారిలో మాత్రం ఉండకూడదు. అంతకుముందు అద్దం మీద పెట్టనిచ్చేవాళ్లే కాదు. అక్కడి పిల్లలు ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పే మాట ఇక్కడికొచ్చేసరికి మన చట్టం అయిపోతోంది.

మన 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఇలాంటి అంగుళాల లెక్క లేదు. అద్దం గురించి ఉంది, 100వ నియమంలో. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలి, పక్క అద్దాల్లోంచి 50 శాతం. జీపీఎస్ ఫలానా మూలలో ఉండాలని మాత్రం ఎక్కడా రాయలేదు.

అట్లాగని ఎక్కడ పడితే అక్కడ అతికించుకోమని కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 125వ సెక్షన్ ఒకటుంది. ఎవరూ పెద్దగా పట్టించుకోరు కానీ ఈ విషయంలో అసలు పనికొచ్చేది అదే. బండిని అదుపు చేయడానికి డ్రైవరుకు అడ్డం వచ్చేలా మనిషిని కూర్చోబెట్టకూడదు, నిలబెట్టకూడదు, ఏ వస్తువూ పెట్టకూడదు అని అందులో ఉంది. అంటే హోల్డర్ అద్దం మీద ఉందా, డాష్‌బోర్డు మీద ఉందా అన్నది కాదు లెక్క, అడ్డం వస్తోందా లేదా అన్నదే. పది అంగుళాల ట్యాబ్‌ను స్టీరింగ్ ఎదురుగా అద్దానికి తగిలిస్తే ఆపిన ఎస్సైతో వాదించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. కింది మూలలో ఫోన్ అంత పరికరం పెట్టుకుంటే మీ మాటకు బలం ఉంటుంది.

నాకు నవ్వొచ్చేది ఇంకొకటి. చెరువుగట్టులో బండి పూజ చేయించుకుని నేరుగా షాపుకొస్తారు. లోపలి అద్దానికి జానెడు బంతిపూల దండ వేలాడుతుంటుంది, డాష్‌బోర్డు మీద ఇత్తడి విగ్రహం, పక్కన కొబ్బరికాయ. మలుపులో దండ ఊగితే ఎడమ పక్క నుంచి వచ్చే బైకు కనపడదు. ఆ కారులో కూర్చునే “హోల్డర్‌కు చలానా పడ్తదా” అని అడుగుతారు. 125వ సెక్షన్‌కు దండ అయినా ఒకటే, హోల్డర్ అయినా ఒకటే. దేవుడి ఫొటో తీసేయమని నేను చెప్పను, కిందికి జరుపుతా.

అపోహ: ఫోన్‌లో మ్యాప్ చూసినా సెల్‌ఫోన్ డ్రైవింగే

ఇది సగం నిజం. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు, నడుపుతూ చేతిలో ఫోన్ వాడటాన్ని 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చారు. మొదటిసారి దొరికితే వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ అని సెక్షన్‌లో రాసి ఉంది. వాట్సాప్‌లో తిరిగే అయిదు వేలు ఇక్కడిదే. హోల్డర్‌కు దీనితో సంబంధం లేదు.

2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర నియమాల్లో ఇంకో మాట చేరింది. దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడుకోవచ్చు, అయితే డ్రైవరు ఏకాగ్రత చెడకూడదు. ఇదీ దాని సారం. ఆ “మాత్రం” అన్న మాటను జనం మింగేస్తారు. హోల్డర్‌లో ఉంది కదా అని క్రికెట్ పెట్టుకుని చూసేవాళ్లు నాకు తెలుసు. వాట్సాప్‌కు జవాబు టైప్ చేసేవాళ్లూ తెలుసు. విజయవాడ హైవే మీద గంటకు 80లో పోతుంటే సెకనుకు 22 మీటర్లు దాటుతాం. రెండు సెకన్లు తెరవైపు చూస్తే 44 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. అడ్రస్ ఏదో బండి కదలకముందే కొట్టుకోండి, తర్వాత చెవులకు పని చెప్పండి. తెలుగులో దారి చెప్పే గొంతు ఫోన్‌లోనే ఉంది.

మరి ఎక్కడ పెట్టాలి?

ఇది అపోహ కాదు, నా పని. కారాయనను సీటులో కూర్చోమని, సీటు తన ఎత్తుకు సర్దుకోమని చెప్తా. ఇంటామె కూడా నడిపితే ఆమెనూ కూర్చోమంటా, ఎందుకంటే ఎత్తు తేడా ఉంటే కనపడేది మారిపోతుంది. ఫోన్ పైఅంచు బానెట్ అంచు కంటే కిందే ఉండాలి. చెయ్యి చాపితే వీపు సీటును వదలకూడదు. ఇవి చట్టంలో లేవు, అలవాటు మీద వచ్చిన కొలతలు.

ఎయిర్‌బ్యాగ్ సంగతి అంతకంటే ముఖ్యం. ఎడమ సీటు ఎయిర్‌బ్యాగ్ డాష్‌బోర్డు పైభాగం చీల్చుకుని లేస్తుంది, అద్దాన్ని తాకి మనిషి వైపు వస్తుంది. అదంతా కనురెప్ప పాటులో అయిపోతుంది. ఆ మూత మీద హోల్డర్ అతికిస్తే అది రాయిలా ఎగిరొస్తుంది. మూత ఎక్కడుందో తెలియకపోతే ఎస్‌ఆర్‌ఎస్ అని రాసిన చోటు చూడండి, చుట్టూ సన్నటి గీత కూడా ఉంటుంది. డాష్‌క్యామ్ వైరు లాగేవాళ్లకూ ఒక మాట. అద్దం పక్క పిల్లర్ లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే వైరు దాని వెనక నుంచి పోవాలి, ముందు నుంచి కాదు. ఈ పని తెలియనివాళ్లు వందకూ రెండొందలకూ చేసిపెడతామంటారు. చేయించుకోకండి.

అద్దానికి అదిమితే అంటుకునే రబ్బరు కప్పు, అదే సక్షన్ కప్పు మీద నాకు సొంత కోపం ఉంది. కొన్నేళ్ల కింద మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కుతున్నా. బయట 44 డిగ్రీలు ఉండొచ్చు, మూసిన కారులో ఎంతో చెప్పక్కర్లేదు. అద్దానికున్న కప్పు మెత్తబడి ఊడిపోయింది. ఫోన్ బోర్లాపడి జారి బ్రేకు పెడల్ కిందికి చేరింది. కాలితో తోస్తే ఇంకా లోపలికి పోయింది. ముందు లారీ, వెనక బస్సు. హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగుతూ పక్కకు తీసి ఆపేసరికి చొక్కా తడిసిపోయింది. నేనే బిగించుకున్న హోల్డర్ అది. అప్పటి నుంచి ఎండాకాలం కప్పు హోల్డర్ అడిగితే డాష్‌బోర్డుకు అతికే రకం చూపిస్తున్నా. కప్పే కావాలంటే బండి నీడన లేనప్పుడు తీసి పెట్టుకోమంటా.

అపోహ: ఫాస్టాగ్ జేబులో ఉంటే చాలు

కార్లు రెండున్నవాళ్ల తెలివి ఇది. పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర ట్యాగ్ చేత్తో పట్టుకుని అద్దానికి ఆనిస్తారు. ఒక ట్యాగ్ ఒక బండికే. అద్దానికి లోపలి నుంచి అతికించకపోతే రెట్టింపు వసూలు చేయమని జాతీయ రహదారుల సంస్థ 2024 జులైలో చెప్పింది, ఏడాది తర్వాత చేతిలో పట్టుకునే ట్యాగ్‌లను బ్లాక్‌లిస్టులో పెట్టమంది. జీపీఎస్ అద్దం మీద వద్దేమో అని భయపడే మనిషే తప్పకుండా అతికించాల్సిన దాన్ని జేబులో పెట్టుకుంటాడు. 2019 ఏప్రిల్ తర్వాతి కార్లకు ఎడమ పైమూలలో రంగు స్టిక్కర్ కూడా ఉండాలి. పెట్రోలుకు లేత నీలం, డీజిలుకు నారింజ. దాని మీద ఏమీ అతికించొద్దు.

అపోహ: ఇప్పుడు అన్ని కార్లకూ జీపీఎస్ తప్పనిసరి

సొంత కార్లకు కాదు. ఇది ఏఐఎస్ 140 అనే ప్రమాణం గురించిన గందరగోళం. 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ట్యాక్సీలు, బస్సుల వంటి ప్రయాణికుల బళ్లకు లొకేషన్ పరికరం, ఎమర్జెన్సీ బటన్ ఉండాలి. ఆటోలకు, బైకులకు మినహాయింపు. ఆ పరికరం అద్దం మీద కనపడేది కాదు, లోపల దాచి బిగిస్తారు. దారి చూపించదు, బండి ఎక్కడుందో చెప్తుంది. తెల్ల నంబరు ప్లేటు కారాయనకు “ఇది లేకపోతే ఫిట్‌నెస్ రాదు” అని అమ్మజూపే షాపులున్నాయి. పసుపు ప్లేటు అయితే అడగండి, తెల్ల ప్లేటుకు ఆ భయం అక్కర్లేదు. దొంగల భయంతో పెట్టించుకుంటామంటే అది వేరే సంగతి.

అపోహ: సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు

శ్రీశైలం పోయేవాళ్లు అడుగుతారు. మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలోకి పోయాక ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. జీపీఎస్‌కు టవరుతో పని లేదు, అది ఇరవై వేల కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహాల నుంచి వినేది. ఆగిపోయేది మ్యాప్ బొమ్మ. దాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుంది. అమెరికా నుంచి వచ్చేవాళ్లు ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరాలు తెస్తుంటారు. అవి వేరు, టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇక్కడ వాడకూడదు. మామూలు జీపీఎస్‌కు ఆ అనుమతి అక్కర్లేదు.

మ్యాప్ ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోవడం మర్చిపోతే అచ్చంపేటలో చాయ్ తాగే దగ్గరే దించుకోండి. చీకటి పడ్డాక బయల్దేరితే అదీ పనికిరాదు, రాత్రి తొమ్మిది దాటితే మన్ననూరు చెక్‌పోస్టు గేటు పొద్దున ఆరింటి దాకా తీయరు.