రెండు లీటర్ల ఇంజన్ ఎందుకు పుట్టింది, ఎందుకు పోయింది

లె మాన్ 24 గంటల రేసు లాంటి పోటీల్లో పై తరగతి అయిన హైపర్‌కార్ రేసుల్లో బీఓపీ (బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్) గొడవ మళ్లీ రాజుకుంది. వేగంగా పోయే కారుకు బరువు పెంచో పవర్ తగ్గించో అందరినీ ఒక దగ్గరికి తేవడమే బీఓపీ. 6.5 లీటర్ల వీ12తో, అసలు హైబ్రిడ్డే లేకుండా వచ్చిన ఆస్టన్ మార్టిన్, 2.6 లీటర్ల ట్విన్ టర్బో హైబ్రిడ్ ప్యూజో ఒకే గ్రిడ్‌లో నిలబడేది దీనివల్లే. డ్రైవ్‌షాఫ్ట్‌ల మీద సెన్సర్లు పెట్టి చక్రాలకు చేరే పవర్‌ను కొలుస్తారు, హైబ్రిడ్‌లో కరెంటు మోటారు ఎంత ఇస్తే ఇంజన్ అంత తగ్గాల్సిందే. మరి చిన్న ఇంజన్ కోసం ఎవరైనా ఎందుకు తల బద్దలు కొట్టుకోవాలి?

అలా తల బద్దలు కొట్టుకున్న పోర్షే రెండు లీటర్ల ఇంజన్ కథ కోసం నేరుగా 2014కి వద్దాం. ఆ ఏడాది ఎల్ఎంపీ1 (హైపర్‌కార్‌కు ముందున్న పై తరగతి) రూల్స్ పవర్‌ను వదిలేసి ఇంధనాన్ని పట్టుకున్నాయి. లె మాన్‌లో ల్యాప్‌కు 2, 4, 6, 8 మెగాజౌళ్లలో ఎంత కరెంటు వాడుకుంటారో మీరే ఎంచుకోండి, ఎక్కువ ఎంచుకుంటే పెట్రోలు తక్కువ. ఆడీ 4 లీటర్ల డీజిల్‌తో వచ్చింది, టొయోటా టర్బో లేని 3.7 లీటర్ల వీ8తో. పోర్షే 919 మాత్రం 2 లీటర్ల టర్బో వీ4. వరుసగా నాలుగు సిలిండర్లు పెడితే బ్లాక్ పొడవై గట్టిదనం తగ్గుతుంది, ఇక్కడేమో ఇంజనే కారు అస్థిపంజరంలో ఒక ఎముక. అందుకే వీ.

అసలు తెలివి ఎగ్జాస్ట్‌లో ఉంది. పొగలో కొంత టర్బోకి పోతే, మిగతాది నిమిషానికి లక్షా ఇరవై వేల చుట్లు దాటే ఇంకో టర్బైన్‌ను తిప్పి కరెంటు తీసేది. బ్రేకు వేస్తేనే కాదు, యాక్సిలరేటర్ తొక్కినా బ్యాటరీ నిండేది! ఇదంతా తేలిగ్గా రాలేదు, 2013లో తొలి టెస్టుల్లో ఆ వీ4 కారునే విరగ్గొట్టేంతగా వణికితే క్రాంక్‌షాఫ్ట్ మళ్లీ డిజైన్ చేయాల్సి వచ్చింది. ఆ ఇంజనే 2015, 2016, 2017లో లె మాన్ గెలిచింది.

2018లో, రేసు రూల్స్‌తో పని లేకుండా చేసిన 919 ఎవో కారులో ఇంధన పరిమితి తీసేస్తే, దాదాపు అదే హార్డ్‌వేర్ 720 హార్స్‌పవర్ ఇచ్చింది. రేసుల్లో ఇచ్చింది 500 దాకానే. అంటే అన్నాళ్లూ దాని పోరాటం పవర్ కోసం కాదు, చుక్క చుక్క కోసం.

ఆ రూల్స్‌తో ఖర్చు భరించలేనంత పెరిగిందన్నది బీఓపీని సమర్థించేవాళ్ల మాట. కాదనను. 2016 తర్వాత ఆడీ, 2017 తర్వాత పోర్షే వెళ్లిపోయాయి, కంపెనీల్లో టొయోటా ఒక్కటే మిగిలింది, ఇప్పుడు గ్రిడ్ నిండుగా ఉంది. కానీ ఖర్చుకు కళ్లెం వేయడం వేరు, తెలివికి వేయడం వేరు.

2023లో పోర్షే 4.6 లీటర్ల వీ8తో తిరిగొచ్చింది. మోటారు, బ్యాటరీ, గేర్‌బాక్స్ ఈ రకం (ఎల్ఎండీహెచ్) హైపర్‌కార్లన్నిటికీ ఒకటే. ఎగ్జాస్ట్ నుంచి కరెంటు తీసే ఆ టర్బైన్‌కు అందులో చోటే లేదు.