డి మాత్ర వేసుకుంటే జలుబు రాదా?

తిరుపతి

చిన్నోడికీ బుజ్జికీ తాత ఆశీస్సులు.

విటమిన్ డి మాత్ర వేసుకుంటే జలుబు, ఫ్లూ దగ్గరికే రావని మీ క్లాసులో ఎవరో అన్నారని రాశారు. అందులో కొంత నిజముంది.

డిని మన చర్మమే తయారు చేస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం తగిలితే చాలు. ఆ తర్వాత కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో ఇంకోసారి మారాకే అది పనికొస్తుంది. ఇదంతా ఎముకల కోసమేనని చాలాకాలం అనుకున్నారు. తీరా చూస్తే, తెల్ల రక్తకణాల్లో కొన్ని ఆ చివరి మార్పును తామే చేసుకోగలవని తేలింది! క్రిమి చొరబడిందని పసిగట్టగానే అవి డిని వాడుకుని కాథెలిసిడిన్ అనే చిన్న ప్రోటీన్‌ను తయారు చేస్తాయి. అది బాక్టీరియా పొరను చీలుస్తుంది. ఫ్లూ వైరస్‌నూ దెబ్బతీస్తుందని ప్రయోగశాలల్లో చూశారు. వైరస్‌తో పోరు శ్రుతిమించి మన ఊపిరితిత్తులకే చేటు రాకుండా అదుపు చేయడంలో కూడా డి సాయపడుతుంది. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

ఇంత ఎండ కాసే మన ఊళ్లో డికి కొరతేమిటి అంటారేమో. మన స్విమ్స్ ఆసుపత్రి డాక్టర్లు పరీక్షలు చేసి 2007లో ప్రకటించిన దాని ప్రకారం, ఇక్కడ టౌన్‌లోనే కాదు, పల్లెల్లోనూ చాలామందికి డి తక్కువే. పల్లెవాళ్లు కాస్త నయం. చర్మంలో డిగా మారే పదార్థాన్ని ఆ డాక్టర్లు చిన్న గొట్టాల్లో పోసి, తిరుపతి ఎండలో గంటగంటకూ పెట్టి చూశారు. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఎక్కువగా మారింది. పొద్దున్నే లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ డికి పెద్దగా అక్కరకు రాదు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే అసలే రాదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది. అలాగని మే నెలలో మిట్టమధ్యాహ్నం ఆడకండి, వడదెబ్బ తగులుతుంది. చలికాలంలో ఆ వేళకు కాసేపు బయట తిరగండి. మనం తినే రాగిసంగటిలో కాల్షియం దండిగా ఉంది గానీ డి లేదు.

ఇక మాత్రల సంగతి. 2017లో 25 పరిశోధనల్ని కలిపి చూస్తే, డి బాగా తక్కువున్నవాళ్లు రోజూ గానీ వారానికోసారి గానీ కొద్దికొద్దిగా వేసుకున్నప్పుడు శ్వాసకోశ జబ్బులు తగ్గాయి. 2025లో 46 పరిశోధనల్ని కలిపి చూసినప్పుడు మాత్రం ఆ లాభం స్పష్టంగా కనబడలేదు. ప్రమిదలో నూనె అడుగంటితే పోయాలి, నిండినదాంట్లో ఇంకా పోస్తే పొర్లుతుందే గానీ వెలుగు పెరగదు. ఇక్కడ పొర్లడమంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు కావడం, మూత్రపిండాలు దెబ్బతినడం.

మెడికల్ షాపుల్లో దొరికే 60,000 యూనిట్ల డి పొడి ప్యాకెట్ రోజూ వేసుకునేది కాదు. డాక్టర్ రాసిస్తే, ఆయన చెప్పినన్ని వారాలే. ఫ్లూ టీకాకు బదులుగా డి మాత్ర పనికిరాదు. మీకు డి తక్కువుందేమో, రక్తపరీక్ష అవసరమా అని డాక్టర్‌ను అడగమని అమ్మకు చెప్పండి.

మీ తాత