ఆపరేషన్‌కు ముందు కీమో, ఆపరేషన్ తర్వాత క్లోమం

క్లోమం తలభాగంలో కేన్సర్ వచ్చినప్పుడు చేసే విపుల్ ఆపరేషన్‌లో కణితిని తీయడం సగం పనే. మిగిలిన క్లోమాన్ని, పిత్తనాళాన్ని, జీర్ణాశయాన్ని మళ్లీ చిన్నపేగుకు అతకడం మిగతా సగం. వీటిలో సర్జన్లను ఎక్కువగా భయపెట్టేది క్లోమానికీ పేగుకూ మధ్య వేసే అతుకు. అది వదిలితే క్లోమరసం కడుపులోకి కారి, పక్కనున్న రక్తనాళాల గోడలను సైతం తినేయగలదు. అందుకే మూడో రోజున డ్రెయిన్ గొట్టంలోని ద్రవాన్ని అమైలేజ్ (క్లోమరసంలో ఉండే ఎంజైమ్) పరీక్షకు పంపుతారు. రక్తంలో అమైలేజ్‌కు ఉండే గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటి, దానివల్ల చికిత్స తీరే మార్చవలసి వస్తే దానిని ఫిస్టులాగా, అంటే అతుకు నుంచి క్లోమరసం కారుతున్నట్టుగా, లెక్కిస్తారు.

కీమోతో నీరసించిన మనిషిని ఇంత పెద్ద ఆపరేషన్‌కు పంపితే గాయాలు మానవని, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయని అనుమానం రావడం సహజం. నెదర్లాండ్స్‌లో 246 మందితో జరిగిన ప్రియోపాంక్ అధ్యయనం ఈ విషయాన్ని పరిశీలించింది. సగం మందికి ముందుగా జెమ్‌సైటబిన్ కీమో, దానితో పాటు రేడియేషన్ ఇచ్చారు; మిగతా వారికి నేరుగా ఆపరేషన్ చేశారు. తీవ్రమైన సమస్యల విషయంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఫిస్టులా మాత్రం నేరుగా ఆపరేషన్ చేయించుకున్నవారిలో సుమారు 9 శాతానికి రాగా, ముందుగా చికిత్స తీసుకున్నవారిలో ఒక్కరికీ రాలేదు.

కారణం గ్రంథి స్వభావంలోనే ఉంది. మెత్తగా ఉండి, సన్నని నాళం ఉన్న క్లోమానికి కుట్టు వేయడం జున్నుముక్కకు కుట్టు వేయడం లాంటిది: దారం బిగిస్తే కోసుకుపోతుంది. కీమో, ముఖ్యంగా రేడియేషన్, రసాన్ని తయారుచేసే కణాలను తగ్గించి, వాటి స్థానంలో నారకణజాలాన్ని పెంచుతాయి. గట్టిపడిన గ్రంథి కుట్టును నిలుపుతుంది, రసాన్నీ తక్కువగా స్రవిస్తుంది. కణితిపై ప్రయోగించిన మందు పక్కనున్న మంచి కణజాలానికి చేసిన హానే ఇక్కడ అతుకుకు రక్షణ కావడం విచిత్రమే. అయితే ఈ అధ్యయనంలో రేడియేషన్ కూడా ఉంది కాబట్టి, ఘనతంతా కీమోకే కట్టబెట్టలేము.

పైగా ఈ లెక్కలు ఆపరేషన్ బల్ల వరకూ చేరినవారివి. ప్రియోపాంక్‌లో కణితిని తీయగలిగింది నేరుగా వెళ్లినవారిలో 72 శాతానికి, ముందు చికిత్స తీసుకున్నవారిలో 61 శాతానికి. నడుమ కొందరికి వ్యాధి పాకింది, కొందరు బలహీనపడ్డారు. కణితి అంచులు పూర్తిగా శుభ్రంగా రావడం, ఐదేళ్ల తర్వాత జీవించి ఉండడం (20.5 శాతం, నేరుగా వెళ్లినవారిలో 6.5 శాతం) మాత్రం ముందు చికిత్సకే అనుకూలంగా ఉన్నాయి. కానీ నార్డిక్ దేశాల్లో 140 మందితో, కొందరికి ఫోల్ఫిరినాక్స్ (పలు మందులు కలిపిన) కీమోను ముందుగా ఇచ్చి, మిగతావారికి నేరుగా ఆపరేషన్ చేసి పోల్చిన నార్‌పాక్ట్-1 అధ్యయనంలో జీవితకాలం పెరిగినట్టు తేలలేదు. కాబట్టి నేరుగా తీయగల చిన్న కణితికి ఏది ముందన్నది నా దృష్టిలో ఇంకా తేలని వాదమే. పెద్ద రక్తనాళాలను తాకుతున్న కణితి విషయంలో మాత్రం ముందు కీమో వైపే మొగ్గు ఎక్కువ.

కీమో ఇచ్చే నెలల్లో నిర్లక్ష్యం చేయకూడనిది కామెర్లు. కణితి నొక్కి మూసిన పిత్తనాళాన్ని తెరచి ఉంచేందుకు స్టెంట్ అనే చిన్న గొట్టం వేస్తారు. ప్లాస్టిక్ స్టెంట్ త్వరగా పూడుకుపోయి, చలిజ్వరంతో ఇన్ఫెక్షన్ తెస్తుంది. కీమోతో తెల్లరక్తకణాలు పడిపోయిన సమయంలో అది ప్రాణాపాయం కాగలదు. అందుకే ఎక్కువ కాలం తెరచి ఉండే లోహపు స్టెంట్‌నే చాలామంది వైద్యులు ఎంచుకుంటారు.